కాల్చిన కుండ మీద సున్నపు పొక్కులు: రాయలసీమ మట్టితో పనిచేసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న కరెంటు బట్టీ పెట్టుకుని పూలకుండీలు, కూజాలు, గోడకు తగిలించే పలకలు చేస్తుంటాను. కడప, కర్నూలు, అనంతపురం వైపు మట్టి తెచ్చుకుని కొత్తగా పని మొదలుపెట్టినవాళ్ళు అడిగే ప్రశ్నల్లో సగం సున్నం చుట్టూనే తిరుగుతాయి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

కుండ బాగానే కాలింది. వారం తర్వాత పైన చిన్న పెచ్చు ఊడి, గుంటలో తెల్ల చుక్క కనిపిస్తోంది. ఏమిటిది?

మట్టిలో ఉండిపోయిన సున్నపురాయి పలుకు. గుంట గరాటు ఆకారంలో ఉండి, అడుగున తెల్లటి చుక్క ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. స్టూడియోల్లో నేర్చుకున్నవాళ్ళు లైమ్ పాప్ అంటారు. నేను సున్నపు పొక్కు అంటాను.

వెల్ల వేయడానికి ఇంట్లో సున్నం ఉడికించడం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రాతి సున్నం తెచ్చి తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, పొగలు కక్కి, గడ్డలన్నీ విరిసిపోయేవి కదా. మీ కుండ గోడలో ఆవగింజంత మేర అదే జరుగుతోంది. సున్నపురాయిని కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. 100 గ్రాముల రాయిలో 44 గ్రాములు గాలిలో కలిసిపోగా 56 గ్రాముల సున్నం నిలుస్తుంది. ఆ సున్నానికి నీటి దాహం ఎక్కువ. నీళ్ళు కాకపోతే గాలిలో తేమనైనా పీల్చుకుంటుంది. పీల్చుకున్నాక దానికి దాదాపు రెట్టింపు చోటు కావాలి. తొట్టిలో అయితే పైకి పొంగేది. కుండ గోడలో చోటు లేదు కాబట్టి పైనున్న మట్టిని పెచ్చుగా తోసేస్తుంది.

బట్టీలోనే పగలకుండా ఇన్నాళ్ళు ఆగి ఎందుకు పగులుతుంది?

బట్టీలో తేమ లేదు కాబట్టి. ఆ తర్వాత ఎన్నాళ్ళు పడుతుందనేది ఆ కుండకి తేమ ఎప్పుడు తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నీళ్ళు పోసే కూజా అయితే రెండు రోజుల్లో బయటపడుతుంది. పొడిగా ఉండే వస్తువైతే నెలలు పట్టొచ్చు.

మన దగ్గర ఇదే పెద్ద మోసం. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మన సీమలో గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే. ఉతికిన లుంగీ పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఆ రోజుల్లో కాల్చిన సరుకు అద్దంలా కనిపిస్తుంది. నేను మొదటి ఏడాదిలో ఒక హోటల్ వాళ్ళకి గోడ పలకలు వేసవిలో కాల్చి ఇచ్చాను. వాళ్ళు గోడకి అంటించి, బిల్లు కట్టి, మెచ్చుకున్నారు కూడా. ఆగస్టులో వరసగా ముసురు పట్టింది. తెల్లారేసరికి గోడ మీద మశూచి పోసినట్టు చుక్కలు. టిఫిన్ తింటున్నవాళ్ళ ప్లేట్లలో పెచ్చులు పడ్డాయని ఫోన్ వచ్చింది. పలకలన్నీ ఊడదీసి మళ్ళీ చేసిచ్చాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మా మట్టిలోకి సున్నం ఎక్కడినుంచి వచ్చింది?

మనం కూర్చున్నదే సున్నపురాయి మీద. ఇంట్లో వంటగట్టు మీద పరిచే నల్ల కడప బండ సున్నపురాయి. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అంతే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఈ రాయి కోసమే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఏర్పడింది సున్నపురాయిని నీళ్ళు యుగాల తరబడి కరిగించడం వల్ల. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అనీ, కోయిలకుంట్ల సున్నపురాయి అనీ మన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. ఈ బండల మీదుగా పారిన వాగుల ఒండ్రు తెచ్చుకుంటే సున్నం లేకుండా ఎలా ఉంటుంది?

కానీ బండే కారణం అనుకుంటే సగమే అర్థమైనట్టు. అనంతపురం వైపు చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు లాంటి గట్టి రాయి, పైన ఎర్రనేల. అక్కడా సున్నపు గులకలు దొరుకుతాయి. కారణం వాన తక్కువ కావడం. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా కురుస్తుంది. బాగా వాన పడే చోట నేలలోని సున్నం కరిగి కిందికి కొట్టుకుపోతుంది. మన దగ్గర నీరు మూరెడో రెండు మూరలో దిగి, ఆగి, ఎండకి పైకి ఆవిరైపోతుంది. కరిగిన సున్నం అక్కడే గడ్డకడుతుంది. ఏళ్ళ తరబడి అలా పేరుకుని బఠాణీ గింజంత, అల్లం ముక్కంత గడ్డలవుతాయి. నల్లరేగడిలో గుంత తవ్వినప్పుడు కనిపించే బూడిద రంగు గరుకు గులకలు అవే.

మూడో దారి కూడా ఉంది, చాలామందికి తట్టదు. చెరువు మట్టిలో నత్తగుల్లలుంటాయి. గుల్ల కూడా అదే పదార్థం. గుల్లలు కాల్చి సున్నం చేసిన నాడు మనవాళ్ళకి ఇది బాగా తెలుసు. చెరువు పూడిక మట్టి మెత్తగా, జిగటగా, చూడగానే ముద్దొస్తుంది. అందులో నత్తగుల్ల పొడి ఉంటే ఆ ముద్దు ఎక్కువ రోజులు నిలవదు.

మట్టి ట్రాక్టరు దింపించుకోకముందే ఎలా తెలుసుకోవాలి?

రెండు పరీక్షలు చేయండి. ఒకదానికి గంట పడుతుంది, రెండోదానికి వారం.

కిలో మట్టిని నలక్కుండా బకెట్లో నీళ్ళు పోసి నాననివ్వండి. బాగా కరిగాక సన్న జల్లెడ మీద పోసి, ధారగా నీళ్ళు పోస్తూ కడగండి. జల్లెడ మీద మిగిలినదాన్ని తెల్ల పళ్ళెంలో పరిచి దాని మీద నిమ్మకాయ పిండండి. చిన్న చిన్న బుడగలు లేస్తే ఆ పలుకు సున్నం. ఇసుక రవ్వ మీద ఏమీ రాదు. నిమ్మరసం నెమ్మది. త్వరగా తేలాలంటే బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క చాలు. చేతికి గ్లౌజులు వేసుకుని ఆరుబయట చేయండి, బ్లీచింగు దగ్గర అసలు పెట్టొద్దు. చాలామంది మట్టి ముద్ద మీదే యాసిడ్ పోసి, పొంగిందా లేదా అని చూస్తారు. దానివల్ల సున్నం ఉందో లేదో తెలుస్తుంది గానీ, పలుకుగా ఉందా పొడిగా ఉందా అన్నది తెలియదు. మనకు కావాల్సింది రెండోదే.

వేంపల్లె వైపు మట్టి అయితే ఒక చిక్కుంది. అక్కడి రాయిలో చాలాభాగం డోలమైట్, అంటే సున్నంతో పాటు మెగ్నీషియం కూడా కలిసినది. అది చల్లటి యాసిడ్‌కి వెంటనే పొంగదు. రాతి ముక్కని మేకుతో గీకి, వచ్చిన పొడి మీద చుక్క వేసి చూడండి.

ఇక వారం పరీక్ష. అదే మట్టితో అరచేతిలో పట్టేంత బిళ్ళలు పది చేసి, మీరు మామూలుగా కాల్చే వేడికే కాల్చండి. ఐదింటిని ప్రెషర్ కుక్కర్లో నీళ్ళ పైన జల్లి పళ్ళెం మీద పేర్చి, చిన్న మంట మీద అరగంట ఆవిరి పట్టించండి. వానాకాలం మూడు నెలల్లో చేసే పనిలో చాలామటుకు కుక్కరు అరగంటలో చేసేస్తుంది. మిగతా ఐదింటిని తడి గోనెసంచిలో చుట్టి వారం వదిలేయండి. ఏ బిళ్ళ మీదా చుక్క లేవకపోతే మట్టి దించుకోండి. (వంటింటి కుక్కరు కాదు, పాతది వేరే పెట్టుకోండి. లేకపోతే ఇంట్లో వచ్చే గొడవకు నాది పూచీ కాదు.)

యాసిడ్ వేస్తే మట్టి మొత్తం పొంగింది. పారేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఈ విషయం ఒక్కటి పట్టుకుంటే మిగతా అంతా తేలిక. కుండను చెడగొట్టేది సున్నం కాదు, సున్నం పలుకు సైజు. మైదాపిండిలా మట్టి అంతటా కలిసిపోయిన సున్నం ఎంతున్నా పొక్కదు. ఒక్కొక్క రేణువు వ్యాకోచించినా చుట్టూ ఉన్న మట్టి తట్టుకుంటుంది. అదీగాక కాలేటప్పుడు అంత సన్నటి రేణువు చుట్టూ ఉన్న ఇసుక పదార్థంతో, మట్టితో కలిసి వేరే గట్టి పదార్థంగా మారిపోయే వీలుంది. అలా మారాక దానికి నీటి దాహం ఉండదు. పలుకు పెద్దదైతే దాని పైపొర మాత్రమే అలా కలుస్తుంది, నడిమి భాగం కాల్చిన సున్నంగానే మిగిలి కాచుకుని ఉంటుంది.

సుమారుగా చెప్పాలంటే అర మిల్లీమీటరు దాటిన పలుకంటే నాకు భయం. పావు మిల్లీమీటరు లోపలిదైతే పట్టించుకోను.

అయితే మట్టిని బాగా దంచి జల్లెడ పడితే సరిపోతుంది కదా?

సరిగ్గా ఇక్కడే నేను రెండేళ్ళు నష్టపోయాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగు.

ఎండిన మట్టిపెళ్ళల్ని రోకలితో దంచి, దోమల జాలీ మీద జల్లించి, నీళ్ళు కలిపి తొక్కేవాడిని. జల్లెడ పట్టాను కదా అని ధీమా. పొక్కులు మునుపటికంటే ఎక్కువయ్యాయి. జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో సారె తిప్పే పెద్దాయన దగ్గరికి పోయి చూపించాను. పలకని అటూ ఇటూ తిప్పి, "ఏం నాయనా, దంచితివా మట్టిని?" అన్నాడు. దంచాను అన్నాను. "గులక గుండ్రంగా ఉంటే జల్లెడలో నిలుస్తాది. నువ్వే దాన్ని నూరు ముక్కలు చేసి జల్లెడ దాటిస్తివి" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు, పని చూసుకున్నాడు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. బఠాణీ గింజంత గులక ఒకటే ఉంటే చేత్తో ఏరి పారేయొచ్చు. దంచితే అది వంద పలుకులై, ప్రతి పలుకూ ఒక పొక్కవుతుంది. మరీ మెత్తగా, పిండిమరలో పట్టినట్టు నలిగితే ప్రమాదం లేదు. మధ్యరకంగా, రవ్వలా నలిగితేనే ముప్పు. రోకలి పోటు చేసేది అచ్చంగా రవ్వే.

కాబట్టి దంచకండి. మట్టిని పెళ్ళలుగానే ఎండబెట్టండి, లోపలి దాకా ఎండాలి. ఎండిన పెళ్ళని నీళ్ళలో వేస్తే తనంతట తానే పొరలు పొరలుగా విచ్చుకుని కరుగుతుంది. పచ్చిగా ఉన్న పెళ్ళ వారమైనా ముద్దగానే ఉంటుంది. వింతగా ఉంటుంది గానీ చేసి చూడండి. రెండు రోజులు నానాక పల్చటి పెరుగులా వచ్చేలా నీళ్ళు కలిపి కట్టెతో తిప్పండి.

ఆ తర్వాత గాలించాలి. బియ్యంలో రాళ్ళు గాలించినట్టే. తిప్పి ఒక నిమిషం ఆగితే బరువైన గులక, ఇసుక అడుగుకు దిగుతాయి, పైనున్న బురద నీళ్ళని నెమ్మదిగా వేరే తొట్టిలోకి వంచండి. అడుగున మిగిలినది పారబోయండి. వంచే చోటే జల్లెడ పట్టండి. ముందు దోమల జాలీ, దాని కింద 40 మెష్ జల్లెడ. మెష్ అంటే అంగుళానికి ఎన్ని కన్నాలు అని. 40 మెష్ కన్నం దాదాపు 0.4 మిల్లీమీటర్లు, 60 మెష్ అయితే పావు మిల్లీమీటరు. కూజాలకీ కుండీలకీ 40 చాలు. గోడ పలకలకీ గ్లేజ్ (గాజులాంటి పూత) వేసే వస్తువులకీ 60 వాడతాను. దోమల జాలీ ఒక్కటే అయితే మిల్లీమీటరు దాటిన పలుకులు కూడా దూరిపోతాయి, కనక అది వడపోతలో మొదటి మెట్టు మాత్రమే. జల్లెడ దొరకనివాళ్ళు పాత నైలాను చీరని రెండు మడతలు వేసి డ్రమ్ము మూతికి కట్టుకుంటారు. బాగానే పనిచేస్తుంది, కాకపోతే చేయి నొప్పి పుడుతుంది.

వడపోసిన బురదని ఒక రాత్రి కదలకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు వంచేసి, మిగిలినదాన్ని పాత పంచెలో మూటగట్టి వేలాడదీయండి లేదా ఇటుకల మీద పరిచి ఆరబెట్టండి. మన ఎండకి ఒక్క రోజు చాలు. ఏమరుపాటుగా ఉంటే పూర్తిగా ఎండిపోయి మళ్ళీ మొదటికొస్తుంది.

ఇదంతా పెద్ద పని, ఒప్పుకుంటాను. పది కిలోల మట్టికి ఒక పూట పోతుంది. కానీ కిందున్న మిగతా ఉపాయాలన్నీ కలిపినా దీనికి సాటి రావు.

వేరే మంచి మట్టి కలిపి పలుచన చేస్తే?

పొక్కుల సంఖ్య తగ్గుతుంది, పొక్కు సైజు తగ్గదు. కుండకి పది బదులు మూడు వస్తాయి. మూడొచ్చినా కుండ అమ్ముడుపోదు.

ఎంత వేడికి కాల్చితే ఈ బాధ ఉండదు?

సున్నపురాయి 700 డిగ్రీలు దాటాక విడిపోవడం మొదలై 900 వచ్చేసరికి దాదాపు పూర్తవుతుంది. 700 లోపే ఆపేస్తే రాయి రాయిగానే ఉంటుంది, పొక్కదు. కానీ అంత తక్కువలో కాలిన కుండ మెతక. గట్టిగా పట్టుకుంటే అంచు రాలుతుంది. 850 నుంచి 1000 దాకా అసలైన గండం. కొత్తగా కరెంటు బట్టీ కొన్నవాళ్ళు బిస్క్ (గ్లేజ్ వేయకముందు మొదటిసారి కాల్చడం) అని పేరు పెట్టి కాల్చేది సరిగ్గా అక్కడే. 1100 దాటించగలిగితే సన్న రేణువులు మట్టితో కలిసి కరుగుతాయి. అక్కడ సున్నం శత్రువు కాదు, మట్టిని కరిగించే సాయం చేస్తుంది. ఆ సాయం మితిమీరితే మన సీమ ఎర్రమట్టి ఆ వేడికి వంగిపోతుంది, ఉబ్బిపోతుంది. పైగా కూజా అన్నది నీళ్ళు చెమర్చేలా ఉండాలి, అంత వేడికి కాల్చితే చెమర్చదు, నీళ్ళు చల్లబడవు. పెసరగింజంత గులకనైతే 1100 కూడా ఏమీ చేయలేదు. జల్లెడ పని బట్టీతో చేయించాలని చూడకండి.

మరి మన కుమ్మరులకి తరతరాలుగా ఈ బాధ లేదా?

ఉంది, వాళ్ళ దగ్గర దానికి జవాబులూ ఉన్నాయి. ఒకటి, ఏ చెరువులో ఏ మూల మట్టి తీయాలో, ఎంత లోతుకి పోకూడదో వాళ్ళకి తెలుసు. సున్నపు గులకలు పేరుకునే పొర కింద ఉంటుంది. పైన మంచి ఒండ్రు ఉండగా కక్కుర్తి పడి ఇంకో అడుగు లోతుకి పోతేనే అవి పైకొస్తాయి. రెండు, మట్టి తొక్కేటప్పుడు కాలికి తగిలిన ప్రతి గులకనీ ఏరి బయటికి విసురుతారు. మూడు, పేడపిడకలు, కంపతో పేర్చే ఆవం వేడి చాలాసార్లు గండం ఉన్న మెట్టు దాకా పోదు, పోయినా అక్కడ ఎక్కువసేపు నిలవదు. కరెంటు బట్టీలో 1000 పెట్టి గంట నిలబెట్టే మనలాంటివాళ్ళకే ఈ పొక్కుల బెడద ఎక్కువ.

ఉప్పు కలిపితే పొక్కదంటున్నారు. నిజమేనా?

కొంతవరకు నిజం. సముద్రపు నీళ్ళతో మట్టి కలిపే కుమ్మరులు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. ఎండు మట్టి బరువులో అర శాతం నుంచి ఒక శాతం, అంటే కిలోకి 5 నుంచి 10 గ్రాముల మామూలు ఉప్పు నీళ్ళలో కరిగించి కలపాలి. చిన్న పలుకుల వల్ల వచ్చే పొక్కులు బాగా తగ్గుతాయి. పెద్ద పలుకు దగ్గర ఉప్పు ఆటలు సాగవు.

నేను మానేశాను. ఆరేటప్పుడు ఉప్పు పైకొచ్చి కుండ అంచుల మీద తెల్లటి పొర కడుతుంది. కాల్చేటప్పుడు ఘాటు పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు, కరెంటు బట్టీలో తీగల్ని తినేస్తుంది. ఆరుబయట ఆవంలో కాల్చేవాళ్ళయితే ప్రయత్నించొచ్చు, పొగకి ఎదురుగా నిలబడకండి.

మట్టిలో వెనిగర్ పోస్తే సున్నం కరిగిపోదా?

లెక్క చూడండి. 100 గ్రాముల సున్నపురాయి కరగాలంటే 5 శాతం వెనిగర్ సుమారు 2.4 లీటర్లు కావాలి. మీ మట్టిలో వందకి ఐదు వంతులు సున్నం ఉంటే పది కిలోల మట్టికి 12 లీటర్ల వెనిగర్. ఆ డబ్బుతో మంచి జల్లెడ వస్తుంది.

ఇప్పటికే కాల్చేశాను. ఇప్పుడేం చేయాలి?

ముంచండి. ఇటుకల బట్టీల వాళ్ళ పాత ఉపాయం ఇది. బట్టీ తెరిచిన రోజే, కుండ చేతితో పట్టుకోగలిగినంత గోరువెచ్చగా ఉండగానే, మొత్తం మునిగేలా నీళ్ళ తొట్టిలో పెట్టండి. బుడగలు ఆగేదాకా కదపకుండా ఉంచి, కనీసం ఒక రాత్రి వదిలేయండి. మరీ వేడిగా ముంచితే ఆ తేడాకే కుండ చీలుతుంది, సున్నం దాకా అక్కర్లేదు.

దీని వెనకున్న సంగతి కూడా సున్నం తొట్టిలోదే. సున్నానికి కొంచెం తేమ తగిలితే పొడిగా విరిసి ఉబ్బుతుంది. ఒక్కసారిగా పుష్కలంగా నీళ్ళు దొరికితే వెన్నలా మెత్తటి ముద్దవుతుంది, చుట్టూ ఉన్న సన్న రంధ్రాల్లోకి జరగగలదు. అందుకే పైపైన నీళ్ళు చిలకరించడం అన్నిటికంటే చెడ్డ పని. ముంచితే పూర్తిగా ముంచాలి, లేకపోతే పొడిగా ఉంచాలి. బట్టీ తెరిచి నాలుగు రోజులు షెడ్డులో ఉంచి ఆ తర్వాత ముంచితే అప్పటికే గాలిలో తేమ పని మొదలుపెట్టేసి ఉంటుంది.

రెండు మిల్లీమీటర్లు దాటిన పలుకు ముంచినా పొక్కుతుంది. పొక్కనివ్వండి. కొన్నవాళ్ళ ఇంట్లో కాకుండా మీ తొట్టిలోనే పొక్కింది కదా. ముంచిన నీళ్ళలో సున్నం దిగి ఉంటుంది, కళ్ళకి తగలనీయొద్దు.

వార్నిష్ గానీ వాటర్‌ప్రూఫ్ పెయింటు గానీ వేస్తే?

ఆలస్యమవుతుంది, అంతే. ఆవిరి ఎక్కడో ఒకచోట దూరుతుంది. వెనకవైపు రంగు వేయని పలకలైతే ఖాయంగా దూరుతుంది.

గ్లేజ్ వేస్తే అణిగి ఉంటుందా?

లేదు. గ్లేజ్‌తో సహా ఎగిరిపోతుంది, ఆ అంచు బ్లేడులా కోస్తుంది. తినే పళ్ళేలు, కప్పుల విషయంలో ఇది చిన్న విషయం కాదు. గ్లేజ్ వేయదలచిన మట్టిని 60 మెష్ దాటించండి, దాటించకపోతే ఆ మట్టితో పూలకుండీలు చేసుకోండి.

కూజా బయట తెల్లటి మచ్చలు వస్తున్నాయి. ఇదీ సున్నపు పొక్కేనా?

చాలాసార్లు కాదు. మన బోరు నీళ్ళు ఎంత ఉప్పగా, గట్టిగా ఉంటాయో బకెట్ అంచులు చూస్తేనే తెలుస్తుంది. ఆ నీళ్ళు కూజా గోడ గుండా చెమర్చి ఆవిరైనప్పుడు అందులో కరిగి ఉన్నవన్నీ బయట పొరలా మిగులుతాయి. గోరుతో గీకితే పొడి రాలుతుంది, కింద గుంట ఉండదు. నిమ్మచెక్కతో రుద్ది కడిగేయండి. మచ్చ కింద గుంట ఉంటేనే పొక్కు. ఈ తేడా చెప్పలేక మంచి కూజాలు వాపసు తీసుకున్న వ్యాపారులున్నారు.

మా మట్టి ఎర్రగా ఉంటుంది, కాలితే లేత పసుపు రంగులోకి వచ్చింది. తప్పు జరిగిందా?

జరగలేదు. సన్నగా కలిసిపోయిన సున్నం ఎక్కువగా ఉంటే, వేడి 1000 దగ్గరికి వెళ్ళినప్పుడు ఇనుము ఇచ్చే ఎరుపుని అది మింగేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎర్రటి రంగే కావాలంటే 900 లోపు కాల్చి చూడండి, లేదా మట్టి మార్చండి.

పొక్కిన కుండలో నీళ్ళు తాగొచ్చా?

తెల్ల చుక్కలో ఉన్నది తాంబూలంలో రాసుకునే సున్నమే. రెండు మూడు సార్లు నీళ్ళు నింపి పారబోశాక భయం లేదు. లోపలి వైపు పెచ్చులు ఊడుతున్న కుండ మాత్రం వద్దు, ముక్కలు నోట్లోకి వస్తాయి.

ప్లాస్టర్ అచ్చులు వాడతాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, చాలామంది గమనించరు. అచ్చు అంచు నుంచి రాలిన ప్లాస్టర్ ముక్క మట్టిలో కలిస్తే అదీ ఇలాగే పెచ్చు లేపుతుంది. అచ్చు గీకిన మట్టిని మళ్ళీ వాడే మట్టిలో కలపకండి. బాగా గాలించిన మట్టితో చేసినా ప్రమిదలు పొక్కుతున్నాయని ఒకరు మొత్తుకుంటే వెళ్ళి చూశాను. మట్టిలో తప్పేం లేదు, అచ్చు అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి.

వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేస్తాం. గాలించాలా?

కాల్చరు కదా, అక్కర్లేదు.

కొన్నవాళ్ళకి ఇచ్చేముందు ఎన్నాళ్ళు ఆగాలి?

కొత్త చోటు మట్టి అయితే, ముంచి ఆరబెట్టిన తర్వాత మూడు వారాలు. ఆ మూడు వారాలూ సరుకుని ఎండలో కాకుండా స్నానాల గది పక్కనో, తడి గోనెల కిందో పెట్టండి. ప్రతి విడతలో రెండు వస్తువులు అమ్మకుండా పక్కన పెట్టుకుని, వెనక పెన్సిలుతో తేదీ, మట్టి తెచ్చిన చోటు రాయండి. నా షెడ్డు గోడ మీద అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి మొన్న వానకి, కాల్చిన పద్నాలుగు నెలల తర్వాత, ఒక్క చుక్క లేపింది. వెనక చూస్తే, జల్లెడ చిరిగిపోయి దోమల జాలీ ఒక్కటే వాడిన విడత అది.